శుక్రవారం మజ్జిగ

శుక్రవారం కుస్‌కుస్ రవ్వను తౌరియా అరచేతులతో పొడిపొడిగా నలిపి ఆవిరికి పెడుతుంటే, అత్తగారు లల్లా జుబీదా గుమ్మంలోంచే అంది.

"చేతుల్లో దేవుడిచ్చిన బరకత్ ఉందే అమ్మాయ్, కడుపులోనే లేదు."

నాలుగేళ్లుగా ప్రతి శుక్రవారం ఇదే పాట. వినీ వినీ తౌరియా తన ఒంటినే అనుమానించింది. చేదు కషాయాలు తాగింది, దర్గాలకు మొక్కింది. మొన్న డాక్టరమ్మ పరీక్ష చేయించి చెప్పాక తెలిసింది, తప్పు ఎవరిదో. "ఇది పడకలో అంటుకునే జబ్బమ్మా. ముదిరితే పిల్లలు పుట్టకుండా చేస్తుంది. ఇద్దరూ మందు వాడాలి, లేకపోతే మళ్లీ నీకే అంటుతుంది." మందులు రెండు రకాలట. ఒకటి ఒక్కపూట మింగితే చాలు. ఇంకోటి వారం పాటు రెండు పూటలా; అదే కాస్త గట్టిది, కానీ మాత్ర వేసుకున్నప్పుడు పాలూ మజ్జిగా ముట్టకూడదు.

ఇంటికొచ్చి చెబితే మొగుడు ఇద్రీస్ ఇంతెత్తున లేచాడు. "హమ్మాంలో స్నానానికెళ్లి ఎవత్తె దగ్గరో అంటించుకొచ్చి నామీద రుద్దుతావా?" కాసేపటికి గొంతు తగ్గింది. "ఆ ఒక్కపూటది తే, మింగేస్తా. అమ్మకు మాత్రం తెలియనివ్వకు." పరువట! అగాదిర్ దాకా లారీ తోలుతూ ఆపిన చోటల్లా ఏమైందో ఆ పరువు!

తౌరియా వారం మందే తెచ్చింది. మజ్జిగ సంగతీ చెప్పింది. తొలి మాత్ర ఇవాళ భోజనానికి ముందు తలుపు చాటున మింగాడు.

అందరూ పెద్ద పళ్లెం చుట్టూ కూర్చున్నారు. లల్లా జుబీదా ఎప్పటిలాగే మొదటి గిన్నెడు మజ్జిగ కొడుక్కి పోసింది. వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఇద్రీస్ పెళ్లాం వైపు ఓసారి చూసి, గిన్నె ఎత్తాడు. మందు పనిచేయకపోతే పోనీ, రోగం మళ్లీ పెళ్లానికే అంటితే అంటనీ అన్నట్టు! తౌరియాకు ఒళ్లు మండిపోయింది. చెయ్యి చాచి గిన్నె లాగేసుకుంది.

"ఆయనకు మజ్జిగ పోయకండి అత్తయ్యా. మందు పనిచేయదు."

"మందేమిటే? వాడికేం రోగం?"

"ఒసేయ్!" ఇద్రీస్ పళ్లు నూరాడు.

"పరాయి పడకల్లోంచి తెచ్చి నాకు పంచిన రోగం. నాలుగేళ్లుగా నా కడుపును ఆడిపోసుకున్నారే, అందులో ఉన్నది మీ అబ్బాయి సంపాదనే."

ఆడపడుచుల చేతుల్లో ముద్దలు ఆగిపోయాయి. తౌరియాకు కడుపు చల్లబడింది.

"ఒక్కపూటతో అయిపోయే మందూ ఉందత్తయ్యా," అంది, గుమ్మడి ముక్క తనవైపు లాక్కుంటూ. "వారం మందు నేనే కోరి తెచ్చాను. పొద్దునా సాయంత్రం మీరే దగ్గరుండి మింగించండి."