ఇంకా రాయని బరువులు

"భవాని వచ్చినంక కాటా స్లిప్పు ఇట్ల నొక్కితే అట్ల వస్తుంది. ఇన్నేండ్ల నుంచి నువ్వేం చేసినవే ఆడ?"

రూప్‌సింగ్ డబ్బా మూత వెతుక్కుంటూ అన్నాడు. నేను పెనం మీద జొన్నరొట్టె తిప్పుతున్నాను. మొగుడూపెళ్లాలం ఇద్దరం అశ్వారావుపేట దగ్గర ఒకే పామాయిల్ మిల్లులో పనిచేస్తాం. అతను గెలల ట్రాక్టర్లు తూచే కాటా దగ్గర, నేను ఆ బరువులన్నీ దాచే సర్వర్ రూములో. మూత అతని ముందే ఉంది. వెళ్లి చూపించి వచ్చేసరికి రొట్టె మాడింది. మాడింది నా డబ్బాలో పెట్టుకున్నాను.

నాకు భవాని అంటే కుళ్లు. దానికి ఇంకో మంచి పేరు పెట్టను, కుళ్లే. సర్వర్ రూములో నా కింద పనికి వచ్చి నాలుగు నెలలు కాలేదు. స్కూటీ మీద వస్తుంది, డబ్బా వాళ్లమ్మ కట్టిస్తుంది, సాయంత్రం ఆరైనా ఫోన్ వంక చూడదు. నేను నాలుగున్నర నుంచే చూస్తుంటాను. పాప ట్యూషన్, అత్తమ్మ బీపీ గోళీలు, గ్యాస్ బండ. ఇంట్లో ఎవరికి ఏ పని గుర్తొచ్చినా నా చెవిన వేస్తారు. వేయగానే వాళ్ల లెక్కలో ఆ పని అయిపోయినట్టే. "సరళకు చెప్పిన గదా" అంటాడు రూప్‌సింగ్ వాళ్లమ్మతో, తనే చేసినంత ధీమాగా.

మా స్టోరేజీ పెట్టెలో క్యాష్ మెమరీ ఉంటుంది, దాని బతుకూ అంతే. కాటా నుంచి బరువు రాగానే అందుకుని "రాసేశాను" అంటుంది. నిజానికి డిస్కు మీద రాసేది కాసేపయ్యాక. ఈలోపు కరెంటు పోతే ఆ బరువులను కాపాడేది లోపలున్న చిన్న బ్యాటరీ. ఎండాకాలంలో అది చచ్చింది. అప్పటి నుంచి పెట్టె క్యాష్‌ను పక్కన పెట్టి, ఒక్కో బరువూ డిస్కు మీద రాశాకే సరే అంటోంది. అందుకే స్లిప్పు ఆలస్యం. కొత్త బ్యాటరీ కోసం మేనేజర్ చెంచురామయ్య గారికి మూడుసార్లు రాసిచ్చాను. "సీజన్ అయిపోనియ్ సరళమ్మా" అన్నారు. కిందటేడు సీసీ కెమెరాల వీడియో వచ్చి ఆ మెమరీని నింపేస్తుంటే, రెండు ఆదివారాలు కూర్చుని కెమెరాలను వేరే డిస్కులకు మార్చింది కూడా నేనే. అది ఎవరికీ తెలియదు. కాటా ఆగితే అందరూ పరుగెత్తుకొస్తారు గానీ ఆగకపోతే ఎవరు అడుగుతారు?

ఈ వారం ఉన్నట్టుండి స్లిప్పులు పరుగెత్తాయి. "అంతా భవాని చలవ" అని ఆ ఉదయం మీటింగులో చెంచురామయ్య గారు చప్పట్లు కొట్టించారు. వచ్చే నెల హైదరాబాద్‌లో స్టోరేజీ ట్రైనింగ్ ఉంది, దానికి నన్ను పంపమని రెండేళ్లుగా అడుగుతున్నాను. ఆమెను పంపుతామన్నారు. తిరిగొచ్చాక సర్వర్ రూము ఆమెదే అవుతుంది. నేనూ చప్పట్లు కొట్టాను, అరచేతులు మండేదాకా.

మధ్యాహ్నం సెట్టింగులు తెరిచాను. బ్యాటరీ లేకున్నా క్యాష్ వాడమని బలవంతపెట్టే ఆప్షన్ ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంది. ఇక ఒక్కసారి కరెంటు పోతే చాలు, రైతు చేతిలో స్లిప్పు ఉంటుంది, కంప్యూటర్లో బరువు ఉండదు. మా యూపీఎస్ పేరుకే ఉంది. బయట దమ్మపేట వైపు మబ్బు కమ్ముతోంది. మా దగ్గర నాలుగు చినుకులు పడితే కరెంటు పోతుంది.

నేను కుర్చీలోంచి కదలలేదు. పోనీ, అనుకున్నాను. ఇవాళ మెచ్చుకున్నవాళ్లే రేపు దాన్ని నిలబెట్టి అడగనీ. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందో చెబితే మీరు ఛీ అంటారు. చెంచురామయ్య గారు భవానికి లాగిన్ ఇప్పించే ఉంటారనుకుని, దాని పేరు కళ్లారా చూసుకుందామని, ఎవరు ఆన్ చేశారో రాసి ఉండే లాగ్ తెరిచాను.

అక్కడ నా పేరుంది. సోమవారం మధ్యాహ్నం మూడు గంటలకు. ఆ టైముకు నేను అత్తమ్మను తీసుకుని సత్తుపల్లి దవాఖానాలో ఉన్నాను.

భవానిని పిలిచి చూపించాను. దాని ముఖం పాలిపోయింది.

"నాకు లాగిన్ యాడిచ్చిన్రు సరళక్కా? ఏదన్న చేసి స్లిప్పులు జల్దీ రానియ్యమన్నరు సారు. రూప్‌సింగ్ అన్న నీ పాస్‌వర్డ్ చెప్పిండు. 'మా ఆమెదే, ఏం గాదు, కొట్టు' అన్నడు. నీకు తెలుసనుకున్న."

"బ్యాటరీ చచ్చింది తెల్వదా?"

"తెల్వదక్కా. ఎవ్వలు చెప్పలే."

చెప్పాల్సింది నేనే. నాలుగు నెలల్లో ఆ పిల్లకు ఒక్క ముక్క నేర్పలేదు, కావాలనే. ఇక పాస్‌వర్డ్ అంటారా, పెళ్లైన కొత్తలో "మొగుని దగ్గర దాపరికమేంది" అని ఫోనుది, ఏటీఎంది, ఆఫీసుది అన్నీ చెప్పించుకున్నాడు. అదే ప్రేమ అనుకుని మురిసిపోయి మరీ చెప్పాను. మార్చినప్పుడల్లా కొత్తది కూడా చెప్పాను.

ఆప్షన్ ఆపేశాను. మెమరీలో మిగిలిన బరువులన్నీ డిస్కు మీదికి దిగేదాకా ఇద్దరం స్క్రీన్ వంక చూస్తూ కూర్చున్నాం. మిగిలినవి సున్నా అని కనబడ్డాక ఊపిరి పీల్చుకున్నాం. పాస్‌వర్డ్ మార్చాను. భవానికి దాని పేరు మీదే లాగిన్ తయారుచేశాను. తరువాత ఒక లెటర్ టైపు చేసి దానికి చదివి వినిపించాను. అది ఏడుపు ఆపుకుంటూ తలూపింది. నా కుళ్లు పోలేదు, అయినా కుర్చీ పక్కకు జరిపి కూర్చోమన్నాను. లెటర్ పంపిన కాసేపటికి వాన దంచింది, కరెంటు పోయి వచ్చింది, ఒక్క బరువూ పోలేదు.

ఫోన్ మోగింది. రూప్‌సింగ్.

"ఏందే, స్లిప్పులు మళ్ల లేటైతున్నయ్? ట్రాక్టర్లు రోడ్డు దాకా ఆగినయ్. నీ పాస్‌వర్డ్ కొడితే పడ్తలేదు. జల్దీ చెప్పు."

"చెప్ప."

"ఏందీ? మొగుణ్ని అడుగుతున్న!"

"అవ్, మొగుడివే. ఆప్షన్ ఆన్ చేసింది భవాని, చెయ్యమన్నది సారు, నా పాస్‌వర్డ్ ఇచ్చింది నువ్వు, నీకు చెప్పింది నేను. నలుగురి పేర్లు రాసి హైదరాబాద్ హెడ్డాఫీసుకు పంపిన."