కూలిన ఊరికి అట్టలు

యూనస్ తన జన్మలో కొత్త సరుకు కొని అమ్మింది లేదు. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు వెనక సందులో అతని అంగడి. టీవీలు, మిక్సీలు వచ్చిన డబ్బాలు, వాటి లోపలి థర్మోకోలు, చిరిగిన గోతాలు, తీగలు, ఇలా పక్కవాడు పారేసిన ప్రతిదాన్నీ ఎత్తుకొచ్చి, అది ఎవరికి అక్కరకొస్తుందో కనిపెట్టి వాళ్లకు అమ్మేవాడు. ఏ వస్తువును చూసినా ముందు దాని బరువు, తర్వాత అది ఇంకేమవుతుందనేదీ కనబడేవి. పెళ్లికి ముందు ఆరిఫాను చూడబోయినప్పుడు కూడా, ఈ పిల్ల వేళ్లు సన్నంగా ఉన్నాయి, కత్తెర పనికి బాగుంటుంది అనుకున్నాడట. ఆ మాట తనే చెప్పుకుని నవ్వేవాడు. ఆరిఫా నవ్వేది కాదు.

రెండువేల ఐదు ఎండాకాలంలో, బెంగళూరులో ఒక అంగడికి థర్మోకోలు వేయడానికి పోయినప్పుడు ఒక ఇంజనీరు తగిలాడు. తెలుగాయనే, మదనపల్లె వైపు. ఆయనా ఆయన స్నేహితులూ ఆదివారాలు ఒక పెద్ద బల్ల చుట్టూ చేరి యుద్ధం ఆట ఆడతారు. అంగుళమెత్తు సైనికుల బొమ్మలు. టేపు పెట్టి కొలిచి నడిపిస్తారు, పాచికలు వేసి ఎవడు చచ్చాడో తేలుస్తారు. ఆ బొమ్మలు నిలబడడానికి బల్ల మీద గుట్టలు, వంకలు, చెట్లు, గోడలు కావాలి. బయటి దేశాల నుంచి తెప్పిస్తే ప్రాణం పోతోందని, చవకగా ఎవరన్నా చేసిస్తారా అని ఆయన వెతుకుతున్నాడు.

"పెద్దోళ్లేనా ఆడేది?" అంది ఆరిఫా.

"ముప్పై ఐదేండ్లు ఉంటాయి. కారు ఉండాది."

"పెండ్లి కాల్యా పాపం?"

"ఇద్దరు పిల్లోళ్లు."

"అయితే ఆ పిల్లోళ్ల తల్లి పాపం" అని ఆమె కత్తెర తీసుకుంది.

మొదటి గుట్ట పాడైంది. హీటరు చుట్టలోని తీగను కరెంటుతో కాల్చి థర్మోకోలు పలకలను కోసి, ఒకదాని మీద ఒకటి అంటించి, మోటారు షెడ్డులో వాడే స్ప్రే రంగు కొట్టాడు. కళ్లముందే గుట్ట బుసబుసమని కరిగి, పురుగు తిన్న వంకాయలా అయ్యింది. స్ప్రే రంగు థర్మోకోలును తినేస్తుందని అప్పుడు తెలిసింది. పెనుకొండ దగ్గర కంకర మిషన్ల కింద పడే రాతిపొడిని గోనెసంచికి ఎత్తుకొచ్చి, ఫెవికాల్ నీళ్లలో కలిపి ముందు ఆ పూత పూశాడు. అది ఎండాక మామూలు గోడరంగు. పట్టు మగ్గాల కింద ఊడ్చిపారేసే పోగుల ముక్కలకు ఆకుపచ్చ రంగేసి చల్లితే గడ్డి. గిన్నెలు తోమే పీచు చించితే ముళ్లకంప. ఇంజనీరు ఆ గుట్టను చేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

ఆ తర్వాత ఒక ఫోటో తెచ్చిచ్చాడు. బాంబులు పడి కూలిన ఊరు. పైకప్పులు లేవు, మొండిగోడలు, కిటికీల బొక్కలు.

"ఇట్లాంటి ఊరొకటి కావాలి యూనస్. నలభై ఇళ్లు. జూలైలో మా క్లబ్బులో పెద్ద పోటీ ఉంది. నచ్చితే మిగతా ఊళ్ల క్లబ్బులకు కూడా నీ పేరే చెప్తా."

ఆ చివరి మాట యూనస్‌కు నిద్ర పట్టనివ్వలేదు. నలభై ఇళ్లు సరిగ్గా దిగితే ఇక డబ్బాలు ఏరుకునే పని ఉండదు. కానీ టీవీ డబ్బా అట్ట ఆ పనికి నిలబడలేదు. ఫెవికాల్ తడికి మెత్తబడి వంగిపోతుంది, కోసిన చోట లోపలి వంకర కాగితం బయటపడుతుంది. కిటికీలు కోసి కోసి ఆరిఫా బొటనవేలు బొబ్బలెక్కింది. పది దినాలకు మూడిళ్లు లేచాయి. అవి కూడా వానకు తడిసిన కోడిగూళ్లలా ఉన్నాయి.

ఆ అట్ట సంగతి మనసులో పెట్టుకునే ధర్మవరం పోయాడు. నేతగాళ్ల వీధిలో సగం ఇళ్లలో మగ్గం చప్పుడు లేదు. ఒక వాకిట్లో ఈరక్క అనే ఆమె బియ్యం ఏరుతూ కూర్చుని ఉంది. ఆమె వెనక, ఆగిన మగ్గం పక్కన, దూలానికి రెండు అట్టల కట్టలు వేలాడుతున్నాయి. చీర మీద బుటా, అంచు, కొంగు ఏ తీరుగా రావాలో చెప్పే అట్టలవి. ఒక్కో అట్ట జానెడున్నర పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు, నిండా వరసగా బొక్కలు. మగ్గం పైన ఒక్కో అట్ట తిరిగితే కింద ఒక్కో పోగు పడుతుంది. దారంతో ఒకదానికొకటి కుట్టి, వరస తప్పకుండా పెన్సిలుతో అంకెలు వేసి ఉంటాయి.

యూనస్ ఒకటి వంచి చూశాడు. వంగలేదు. నాలుగు వేళ్ల వెడల్పంటే బొమ్మల లెక్కలో సరిగ్గా ఒక అంతస్తు గోడ. బొక్కలు చూస్తే తుపాకి గుండ్లు తగిలినట్టే ఉన్నాయి.

"అమ్ముతావామ్మా వీటిని?"

"మా ఇంటాయన బెంగళూరులో వాచ్‌మన్ పనికి పోయినాడు. మగ్గం ఆగి పది నెలలాయ." ఆమె చేట కింద పెట్టింది. "ఏం చేస్తావు వీటిని?"

"బొమ్మరిండ్లు."

"బొమ్మరిండ్లకు యాడన్నా ఇంత గట్టి అట్ట కావాల్నా?" అని నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే ఆపి, "తూచుకో" అంది.

ఆ అట్టలు కొత్తగా కొట్టించాలంటే ఎంతవుతుందో యూనస్‌కు తెలుసు. ధర్మవరంలో తిరిగే వాళ్లెవరికైనా తెలుసు. ఆగిన మగ్గానికి అట్టలెందుకు, ఇప్పుడవి ఉత్త అట్టే కదా అని తనకు తాను చెప్పుకుని, కాటా వేసి, కిలో ధర ఇచ్చాడు. కట్టలు అతని చేతికిస్తూ ఈరక్క, "నిమ్మళంగా పట్టుకో, వరస తప్పుతాది" అంది. అలవాటు కొద్దీ అన్న మాట అది.

తిరిగొచ్చేటప్పుడు పెనుకొండలో దిగి, కోట గోడ ఎక్కడెక్కడ ఎలా కూలిందో చూశాడు. గోడ పైనుంచి మెట్లు మెట్లుగా విరిగింది, కింద రాళ్లు కుప్పపడ్డాయి. అట్టల్ని ఆ తీరులోనే చించాలనుకున్నాడు. చిన్న కట్ట, అంచుది, ముందు విప్పారు. వారంలో పద్దెనిమిది ఇళ్లు లేచాయి. ఇంజనీరుకు ఫోన్‌లో చెప్తే ఆయన సంతోషానికి హద్దు లేదు. పెద్ద కట్ట, కొంగుది, లోపలి గదిలో ఉంది. దాంతో ఊరు పూర్తవుతుంది.

బుధవారం పొద్దున అంజనప్ప వచ్చాడు. యాభై దాటిన మనిషి, వాచ్‌మన్ చొక్కాతోనే ఉన్నాడు.

"యూనస్ అంటే నువ్వేనా అప్పా? నేను ఈరక్క ఇంటాయన్ని. ధర్మవరం. పాత సామాన్లోళ్లను అడిగితే నీ అంగడి చెప్పినారు."

యూనస్ స్టూలు జరిపాడు. అంజనప్ప కూర్చోలేదు.

"మా షావుకారు కబురు పెట్టినాడప్పా. నా పాత కొంగు ఎవరో చూసి అడిగినారంట. పన్నెండు చీరలు. శుక్రవారం సాయంత్రం లోపల అట్టలు చూపిస్తే నేసేదానికి పట్టు తూచిస్తానన్నాడు. గేటు కాడ పని విడిచిపెట్టి వచ్చేసినా. ఇంటికొస్తే ఆయమ్మ అమ్మేసిందని తెలిసె. ఆయమ్మనేమంటాం, పిల్లోళ్లు తినాల్నా వద్దా? నీ దుడ్లు నీకిస్తా, పైన కూడా ఇస్తా."

"అంచుది కోసేసినామన్నా" అన్నాడు యూనస్. అది నిజమే.

"అంచు పోతే పోనీ, పక్కింటోళ్లవి అడుక్కుంటా. కొంగు కట్ట ఉంటే చాలు."

యూనస్ తల లోపల కాటా ఊగింది. ఒక పళ్లెంలో ఇరవై రెండిళ్లు, జూలై పోటీ, మిగతా ఊళ్ల క్లబ్బులు. రెండో పళ్లెంలో ఈ మనిషి. ఇలాంటి అట్ట మళ్లీ ఎవరింట్లో దొరుకుతుందో, ఎప్పుడు దొరుకుతుందో తెలియదు.

"అదీ కోసేసినాం. బెంగళూరుకు పోయింది."

అంజనప్ప బల్ల మీద ఆరబెట్టిన మొండిగోడల దగ్గరికి పోయి, ఒకదాన్ని తీసుకుని, రాతిపొడి పూత కింద బొక్కల్ని బొటనవేలితో తడిమాడు.

"ఇది అంచులో హంస ముక్కు" అన్నాడు. ఇంకొక గోడ తీసుకున్నాడు. "ఇది కాలు." తలుపు పక్కన కూలినట్టు చేసిన మూలను చూశాడు. "ఈడ కన్నుండాల. కిటికీ పెట్టినారు."

తర్వాత స్టూలు మీద కూర్చున్నాడు. "మంచినీళ్లు ఉంటే ఇయ్యప్పా."

ఆరిఫా చెంబు తెచ్చిచ్చింది. తాగి, చెంబు పట్టుకునే అడిగాడు: "ఇట్లా పని నాకేమన్నా ఇస్తావా? ఆ గేటు కాడ ఇంక నిలబడలేను, మోకాళ్లు పోయినాయి. చేతులు మాత్రం బాగుండాయి."

"శనివారం నుంచి రా అన్నా" అన్నాడు యూనస్. ఆ మాటకు అతని మనసు కొంచెం తేలికపడింది. కూలిస్తున్నాను కదా, అన్యాయమేముంది అనుకున్నాడు. అంజనప్ప తన పక్కింటివాళ్ల ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసిచ్చాడు. "బెంగళూరు సారు ఇంకా కొయ్యకుండా ఉంటే అడిగి చూడప్పా. శుక్రవారం దాకా టైముండాది" అని చెప్పి పోయాడు.

అతను మలుపు తిరగకముందే ఆరిఫా అంది: "లోపల ఉండే కట్ట ఏంది మరి?"

"నీకు తెలీదు, ఊరుకో."

"నాకు లెక్కలు తెలీవు. కట్ట లోపలుండాది, అది తెలుసు."

"నలభై ఇండ్లు అయినాక ఆయప్పకు ఏదో ఒకటి చేస్తాలే. పనిస్తానన్నా కదా?"

"అయితే నువ్వే కోసుకో. నేను ముట్టను."

అన్నట్టే ఆమె కత్తెర ముట్టలేదు. గురువారం యూనస్ ఒక్కడే కట్ట ముందు కూర్చున్నాడు. మొదటి అట్ట మీద పెన్సిలుతో ఒకటి అని ఉంది. దాన్ని కోయబోయి, ఎందుకో చెయ్యి రాక, కట్టను మళ్లీ చుట్టి థర్మోకోలు పలకల కింద తోశాడు. కొయ్యనూ లేదు, ఇవ్వనూ లేదు. శుక్రవారం పగలంతా ఆ చీటీ జేబులోనే ఉంది. అంగడికి ఎదురుగా ఎస్టీడీ బూత్. రోడ్డు దాటితే చాలు. మధ్యాహ్నం ఇంజనీరే ఆ బూత్‌కు ఫోన్ చేసి పిలిపించాడు. పోటీ చూడ్డానికి చెన్నై నుంచి కూడా మనుషులు వస్తున్నారని చెప్పాడు. సాయంత్రం ఐదు దాటింది. ఆరు దాటింది. గిరాకీ లేకపోయినా యూనస్ గల్లా ముందు నుంచి లేవలేదు. షట్టరు దించేటప్పుడు చీటీ తీసి చూసి, చించేశాడు.

శనివారం అంజనప్ప మొదటి రైలుకే వచ్చాడు. తీగతో గుట్టలు కోయడం గంటలో పట్టేశాడు. అతను కోసిన గుట్ట, నిజం గుట్ట వంగినట్టు వంగేది. ఆరిఫా అతనికి అన్నం పెట్టేటప్పుడు మొహంలోకి చూడలేకపోయింది.

సోమవారం బల్ల దగ్గర థర్మోకోలు పలకలు అయిపోయాయి. యూనస్ గిరాకీతో మాట్లాడుతుండగా అంజనప్ప తనే లోపలి గదిలోకి పోయాడు. చాలాసేపు రాలేదు. గిరాకీని పంపించి యూనస్ తలుపు దగ్గరికి పోయేసరికి, అంజనప్ప నేల మీద కూర్చుని, ఒళ్లో కట్ట విప్పి, అంకెలు చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. చివరి అట్ట దాకా చూశాడు.

"వరస తప్పలేదు" అన్నాడు.

"తీసుకుపో అన్నా. ఇప్పుడే పో. చార్జీ నేనిస్తా. నా దుడ్లు వద్దు."

"యాడికి తీసుకుపోయేది?"

"షావుకారు కాడికి..."

"షావుకారు శనివారం పొద్దున్నే పట్టు వేరేవాడికి తూచిచ్చినాడు. మరమగ్గమోడికి. వాడు చీరను చూసి వాడే అట్టలు కొట్టించుకుంటాడంట." అంజనప్ప గొంతులో కోపం లేదు. ఉంటే యూనస్‌కు బాగుండేది. "నిన్న మగ్గం కూడా ఇచ్చేసినాం. కట్టెల లెక్కన వచ్చినంత వచ్చె. ఇంట్లో ఈ కట్ట పెట్టుకుంటే ఆయమ్మ చూసి ఏడుస్తాది."

"అన్నా, నేను శుక్రవారం ఫోన్ చేద్దామని..."

"చెయ్యల్యా కదా."

అతను లేచి, మోకాలు పట్టుకుని, కట్టతో బల్ల దగ్గరికి వచ్చాడు. గోడకున్న మేకుకు ఆరిఫా తగిలించి వదిలేసిన కత్తెర తీసుకున్నాడు. మొదటి రెండు అట్టల మధ్య దారాన్ని తెంపాడు. కుట్టు విప్పడం చేతకాని వాళ్లు అట్ట అంచును చింపేస్తారు. అతను చింపలేదు. ముడి దగ్గర తెంపి, దారం లాగి, అట్టను మచ్చ లేకుండా బయటికి తీశాడు. ఒకటి, రెండు, మూడు. పక్కన వరసగా పేర్చాడు. తలుపు దగ్గర నిలబడ్డ ఆరిఫా కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

"ఎన్ని బొక్కలు వదిలి కిటికీ పెట్టాల?" అని అడిగాడు అంజనప్ప, తల ఎత్తకుండా.

యూనస్ జవాబు చెప్పకుండా ఉండాలనుకున్నాడు. బయట ఎవరో డబ్బాల ధర అడుగుతున్నారు.

"నాలుగు" అన్నాడు. రోజూ గిరాకీకి ధర చెప్పే గొంతే వచ్చింది.