పదకొండు సెకన్ల కుర్చీ

పళ్ళ డాక్టర్ల కుర్చీలు తయారుచేసే మామగారి కంపెనీలో అల్లుడి పని కెర్నల్ రాయడం. కుర్చీలోని మోటార్లనీ పెడల్‌నీ దీపాన్నీ అదుపులో పెట్టే అసలు ప్రోగ్రామ్ అదే. అంతటితో ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. ఏడాదిపాటు కళ్ళు పీక్కుపోయేలా కూర్చుని దానిలోకి ట్రేసింగ్ కూడా దూర్చాడు. అంటే కెర్నల్ ఏ చిన్న పని చేసినా, ఎప్పుడు చేసిందో, ఎందుకు చేసిందో ఒక వరుస రాసుకోవాలన్నమాట. రేపు కుర్చీ మొండికేస్తే ఆ రాత చూసి కారణం పట్టుకోవచ్చు. ఆలోచన బంగారంలాంటిదే. కానీ పనికన్నా రాత ఎక్కువైపోయింది. నాలుగు సెకన్లలో వాలాల్సిన కుర్చీకి పదకొండు పడుతోంది.

"ఈలోగా పన్ను దానంతటదే ఊడిపోతుందయ్యా!" అన్నారు మామగారు. "పదింటికి డాక్టరుగారు కుర్చీ చూడ్డానికొస్తున్నారు. పీకెయ్ దాన్ని."

"పీకడం దేనికి మామయ్యా? ఆపి ఉంచుదాం."

ఆపాడు. తనే పెడల్ తొక్కి చూస్తే, కుర్చీ వాలడానికి ఐదు సెకన్లు పట్టింది. ఆపినా సరే, కెర్నల్ అడుగడుక్కీ 'రాయాలా?' అని చూసుకుని, 'అక్కర్లేదు' అని తేల్చుకుని గానీ ముందుకెళ్ళడం లేదు.

"అక్కర్లేదని తేల్చుకోడానికి ఒక సెకనా! మొత్తం పీకెయ్. మళ్ళీ ఆ పేరు నా చెవిన పడకూడదు."

ఏడాది కష్టం! అల్లుడికి ఏడుపొక్కటే తక్కువ. అయినా పెద్దాయన మాట కాదనలేక తీసేశాడు.

పరీక్షలో రోగి ఎప్పుడూ అత్తగారే. పత్రిక పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. మామగారు పెడల్ తొక్కారు. కుర్చీ వాలబోయి లేచింది. లేచి వాలింది. మళ్ళీ లేచింది.

"కాస్త చదువుకోనివ్వండి, అక్షరాలు అందడం లేదు," అన్నారు అత్తగారు పైనుంచి ఒక మాట, కిందనుంచి ఒక మాట.

కారణం ఏమిటో చూద్దామంటే రాతే లేదాయె. అల్లుడు ట్రేసింగ్ మళ్ళీ పెట్టాడు. కుర్చీ బుద్ధిగా, పదకొండు సెకన్లలో వాలింది. తీసేశాడు. మళ్ళీ ఊగింది.

"ఎవరో ఒకరు రాసుకుంటుంటేనే ఒళ్ళు దగ్గర పెట్టుకుంటుందేమిటిది!" అని మామగారు జుట్టు పీక్కున్నారు.

మూడోసారి ట్రేసింగ్ పెట్టి కుర్చీని వాలుస్తుండగా డాక్టరుగారు వచ్చేశారు. ఆయన గడియారం చూసుకుని, "ఎందుకండీ ఇంత నిదానం?" అన్నారు.

"మా అల్లుడు దానిచేత ఏవేవో రాయిస్తున్నాడు లెండి," అన్నారు మామగారు నుదురు తుడుచుకుంటూ.

"ఏం రాస్తుంది?"

అల్లుడు కంప్యూటర్ తెరని ఆయన వైపు తిప్పబోయి, దానిమీద పడిన రాత చూసి, ఆగిపోయాడు. పెడల్ తొక్కారు. పెడల్ తొక్కారు. వెంటవెంటనే రెండు వరుసలు. ఒక తొక్కుకి వాలాలి, రెండోదానికి లేవాలి. పాత కుర్చీల పెడళ్ళు బిగుసుకుపోయి ఉండేవి కాబట్టి మామగారికి రెండుసార్లు తొక్కడం అలవాటు. ట్రేసింగ్ ఉన్నప్పుడు రెండో తొక్కుని కెర్నల్ రాసుకుందే గానీ, రాత ధ్యాసలో పడి దాని పని చేయలేదు. లేనప్పుడు ప్రతి తొక్కూ దానికి ఆజ్ఞే. కుర్చీ ఊగేకొద్దీ ఆపుదామని మామగారు ఇంకా ఇంకా తొక్కారు.

చెబితే డాక్టరు ముందు మామగారి పరువు పోతుంది. చెప్పకపోతే దాని ఉపయోగం ఎవరికీ తెలియక ట్రేసింగ్ పోతుంది. అల్లుడు తెరని సగం తిప్పి పట్టుకున్నాడు.

ఈలోగా అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, పడుకున్నచోటి నుంచే తెర చదివారు. "పెడల్ తొక్కారు, పెడల్ తొక్కారు. ఎవరండీ తొక్కింది?"

అందరూ కిందకి చూశారు. మామగారి బూటు ఇంకా పెడల్ మీదే ఉంది.

ముందు డాక్టరుగారే నవ్వారు. "నాదీ అదే అలవాటు లెండి. మా కుర్చీలన్నీ నా మూలానే పాడయ్యాయి కాబోలు!"

మామగారు మెల్లగా కాలు వెనక్కి లాక్కున్నారు. "సరే అల్లుడూ, నీ ట్రేసింగ్ ఉండనీ. ఆ పెడల్ సంగతి మాత్రం రాయించకు."

"అదొక్కటే రాయించు నాయనా," అన్నారు అత్తగారు. "మిగతావన్నీ తీసెయ్. తొందరగా వాలుతుంది."

అల్లుడు అలాగే చేశాడు. మామగారు ఊపిరి బిగబట్టి, ఒక్కసారే తొక్కారు. నాలుగు సెకన్లు. తెరమీద ఒకే ఒక్క వరుస వచ్చింది. సంతోషం పట్టలేక అల్లుడు దాన్ని పైకి చదివాడు, మామగారు ఎంత కళ్ళెర్రజేస్తున్నా ఆగకుండా.