పాప పాప పాట

తడ దగ్గరి ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కొరియావాళ్ళ వంటగది అంతా ఇమో చేతిమీద నడిచేది. ఇమో అంటే వాళ్ళ భాషలో పిన్ని. అరవై రెండేళ్ళ ఆ మనిషిని పెద్ద మేనేజరు మొదలుకొని గేటు వాచ్‌మన్ దాకా అందరూ అట్లాగే పిలిచేవారు. ఆమె పక్కన రెండో వంటమనిషి మునెమ్మ. ఆరేళ్ళ కిందట గిన్నెలు తోమడానికి చేరిన మునెమ్మకు, క్యాబేజీకి కారం పట్టించి ఊరబెట్టడం దగ్గర్నుంచి అన్నీ ఇమోనే నేర్పింది. ఇద్దరి మధ్యా నడిచే భాష కొంచెం తెలుగు, కొంచెం అరవం, కొంచెం కొరియా. మిగతాదంతా చేతులే.

అలాంటి ఇమో ఆ శుక్రవారం చారులో రెండుసార్లు ఉప్పు వేసింది.

మునెమ్మ రుచి చూసి ముఖం చిట్లించింది. ఎవరికీ తెలియకుండా రెండు చెంబుల నీళ్ళు పోసి, ఇమోను తీసుకెళ్ళి బియ్యం మూట మీద కూర్చోబెట్టింది.

"ఏమైంది ఇమో? ఒంట్లో బాగలేదా?"

"మునెమ్మా, పాప పాప. ఈరోజు పాట" అంది ఇమో.

పాప పాప అంటే కూతురి కూతురు. మనవరాలు అన్న మాట ఎన్నిసార్లు నేర్పినా ఇమో నోరు తిరగలేదు. ఆ పిల్ల పేరు యున్సో. పదమూడో ఏట ఒక చిన్న పాటల కంపెనీలో చేరి, ఏడేళ్ళు పొద్దస్తమానం ఆడడమూ పాడడమూ నేర్చుకుంది. తనతో చేరినవాళ్ళలో చాలామంది విసిగి ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఈమె మాత్రం పట్టు వదల్లేదు. ఇన్నాళ్ళకు ఓసెక్ అనే ఐదుగురు ఆడపిల్లల జట్టులో చోటు దొరికింది. వాళ్ళ మొట్టమొదటి పాట ఆ మధ్యాహ్నం రెండున్నరకు యూట్యూబ్‌లో రానుంది.

రెండున్నరకు వంటగదిలో పొయ్యిలన్నీ ఆపేశారు. ఇమో ఫోన్‌ను నూనె డబ్బాకు ఆనించి నిలబెట్టారు. కూరగాయలు తరిగే గోవిందస్వామి కూడా కత్తి పక్కనపెట్టి వచ్చాడు. పాట పేరు 'నీలం గేటు'. ఊరు విడిచి వెళ్ళే పిల్లను వాళ్ళమ్మ గేటు దగ్గర నిలబడి సాగనంపడమే కథ. యున్సో ఎప్పుడూ కుడివైపు చివరే ఉంది. ఆమెకు ఇచ్చింది ఒకే ఒక్క ముక్క. చెయ్యి పైకెత్తి, నవ్వుతూ, "కత్తా వా" అంది. అంతే, కెమెరా పక్కపిల్ల మీదకు పోయింది.

మునెమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. రోజూ సాయంత్రం తను కంపెనీ బస్సెక్కేటప్పుడు ఇమో అనే మాట అదే.

"ఒరే గోవిందస్వామీ, ఆ పాప పోయిరా అంటా ఉండాది!"

"అవునా అక్కా? వాళ్ళు గూడా మన మాదిరి పోయిరా అంటారా?"

"మరేం. పో అని ఊరికే అంటారా ఎవురన్నా?"

ఇమో కొంగులాంటి ఏప్రన్ అంచుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ రోజంతా సంబరమే.

సోమవారానికి ఆ సంబరం దిగిపోయింది. పాటను చూసినవాళ్ళు మూడు వేలు కూడా దాటలేదు. పెద్ద కంపెనీల పాటల నడుమ ఈ చిన్నవాళ్ళ గొంతు ఎవరికీ వినబడలేదు. ఇమో మాటిమాటికీ ఫోన్‌లో ఆ లెక్క చూసుకుని, మళ్ళీ ముల్లంగి తరుగుతూ కూర్చుంది. మునెమ్మకు చూడబుద్ధి కాలేదు.

ఇంటికి పోగానే కూతురు రాజశ్రీని పిలిచింది. రాజశ్రీ సూళ్ళూరుపేటలో బీకాం రెండో ఏడు. గోడల నిండా కొరియా పిల్లల బొమ్మలు అంటించిందని మొన్నటిదాకా తల్లి చేత తిట్లు తిన్న మనిషి.

"మే, ఈ డాన్సు నేర్చుకుంటావా?" అని మునెమ్మ ఫోన్ చూపించింది.

రాజశ్రీ, తల్లి నుదుటి మీద చెయ్యిపెట్టి చూసింది. "జొరమేం లేదే!"

తామూ ఆడి వీడియో పెడితే ఇమో మనవరాలి పాట నలుగురి కళ్ళా పడుతుందన్న సంగతి విన్నాక మాత్రం ఆగలేదు. స్నేహితురాలు ప్రశాంతిని, ఇంకో ఇద్దరిని మిద్దె మీదకు పిలిచి అడుగులు మొదలుపెట్టింది. ఒక చరణం కొరియాలోనే ఉంచి, రెండో చరణం తెలుగులో రాసుకున్నారు. "కత్తా వా" వచ్చే చోట "పోయిరా" పెడితే కొలిచి కుట్టినట్టు సరిపోయింది. చిక్కల్లా ఒక్కటే. వాళ్ళు నలుగురు, కావలసింది ఐదుగురు.

"అమ్మా, కుడిపక్క చివరన నువ్వు నిలబడు" అంది రాజశ్రీ.

"నేనా? నలభై ఆరేండ్లకి ఎగురుళ్ళా? ఊరంతా నవ్వదా?"

"నవ్వనీ. నవ్వేదానికైనా సూస్తారు కదా!"

మునెమ్మ ఆ రాత్రే మిద్దె ఎక్కింది. నాలుగు రోజులు మోకాళ్ళకు నూనె రాసుకుంటూ నేర్చుకుంది. ఆదివారం పొద్దున సగం కట్టిన ఇంటి గేటుకు నీలం చీర చుట్టి, దాని ముందు ఆడి వీడియో తీశారు. మునెమ్మ క్యాంటీన్ టోపీ, ఏప్రన్‌తోనే ఆడింది. తన వంతు రాగానే చెయ్యెత్తి, ఊళ్ళో ఎవరినో కేకేసినట్టు "పోయిరా!" అంది.

లోకానికి చూపే ముందు ఇమోకు చూపించాలని మునెమ్మ పట్టుబట్టింది. లోపల భయమే. తన పిల్లను ఎగతాళి చేశారనుకుంటే?

ఇమో వీడియో చివరిదాకా చూసింది. ఫోన్ పక్కన పెట్టి లేచి, మునెమ్మ చెయ్యి పట్టుకుని పైకెత్తింది. మోచెయ్యి ఇంకొంచెం లేపింది. తర్వాత తనే పక్కన నిలబడి, గరిటె చేతిలో ఉండగానే, ఆ అడుగు తప్పు లేకుండా వేసి చూపించింది. ఎన్ని వందలసార్లు చూసి ఉంటుందో!

"ఇట్లా, మునెమ్మా. మళ్ళీ తీ."

మళ్ళీ తీశారు. ఈసారి వీడియోలో ఆరుగురు ఉన్నారు. కుడివైపు చివర మునెమ్మ, ఆమె పక్కన ఇమో.

వారం తిరిగేసరికి దాన్ని తడ, సూళ్ళూరుపేట, తిరుపతి కాలేజీ పిల్లలు ఒకరికొకరు పంపుకున్నారు. చెన్నైలో కొందరు అవ్వా మనవరాళ్ళు కలిసి అదే ఆట ఆడి పెట్టారు. పిచ్చి పట్టినట్టు కోట్లమంది చూశారని చెప్పలేం కానీ, అసలు పాట లక్షా పదివేలు దాటింది. దాని కింద తెలుగులో వ్యాఖ్యలు చూసి కొరియా పిల్లలు ఇదేం భాషని ఆరా తీశారట.

ఆ గురువారం సరిగ్గా భోజనాల వేళ ఇమో ఫోన్ మోగింది. తెర మీద యున్సో. వెనక మిగతా నలుగురు పిల్లలు ఒకరి భుజం మీదుగా ఒకరు తొంగిచూస్తున్నారు. ఇమోతో గబగబా ఏదో చెప్పి, మునెమ్మ కనబడగానే ఐదుగురూ నడుములు వంచి దండం పెట్టారు. ఆ తర్వాత యున్సో గొంతు సవరించుకుని, చెయ్యి పైకెత్తింది.

"ఫోయిలా!"

వంటగది గొల్లుమంది. గోవిందస్వామి ఉల్లిపాయల బుట్ట మీద వాలిపోయి మరీ నవ్వాడు. ఎల్లుండి స్టేజీ మీద తన వంతుకు ఇదే మాట అంటానని పిల్ల చెప్పిందని ఇమో చేతులతో తెలియజేసింది.

"అయ్యో, ఇట్లానే అంటే ఎట్లా!" అని మునెమ్మ చేతులు ఏప్రన్‌కు తుడుచుకుని ఫోన్ అందుకుంది. "లా కాదు తల్లీ, రా. నాలుక పైకి పెట్టు. నా నోరు సూడు. రా... రా..."

వడ్డించే కిటికీ అవతల కొరియా ఇంజనీర్లు ఖాళీ కంచాలతో బారులు తీరి నిలబడ్డారు. ఐదుగురు పిల్లలూ ఒక్కసారిగా నాలుకలు పైకెత్తారు.