బ్రిడ్జ్‌టౌన్‌కి ప్రస్థానం

నేను ఒక సూట్‌కేసుని. ముంబైలో ఒక రేకుల షెడ్డులో రెగ్జిను ముక్కలూ అట్టలూ కలిపి నన్ను పుట్టించారు. మూత మీద ఏదో పెద్ద కంపెనీ పేరు అతికించారు గానీ, ఆ కంపెనీకీ నాకూ ఏ చుట్టరికమూ లేదు. మనుషుల్లోనూ లేని గొప్ప అతికించుకుని తిరిగేవాళ్లు బోలెడుమంది ఉన్నారని తెలిశాక సిగ్గుపడటం మానేశాను.

నన్ను కొన్నవాడు బెందాళం లోకనాథం. ఉద్దానంలో జీడితోటల మధ్య ఒక పల్లె అతనిది, ఉద్యోగం ఓడల్లో వంట. కొనేముందు దుకాణంలోనే నా మీదెక్కి కూచున్నాడు. "మనిషి బరువుకే ఇరిగిపోతే సామానేటి మోస్తాది?" అని దుకాణంవాణ్ణి తెలుగులో అడిగాడు. వాడికి ముక్క అర్థం కాలేదు. నేను మాత్రం విరగకుండా పరువు నిలబెట్టుకున్నాను. అతనితో చాలా సముద్రాలు తిరిగాను. తిరిగానంటే, అతని పడక కింద పడి ఉన్నాను. ప్రపంచమంతా చుట్టొచ్చామని చెప్పుకునే చాలామంది సంగతీ ఇంతే.

చివరిసారి అతను మూఢంలో బయల్దేరాడు. ఓడలు పంచాంగం చూసుకుని కదలవు కదా. భార్య దమయంతి గుమ్మంలో నా పిడి పట్టుకుని ఆపింది. అతను నవ్వి ఆమె వేళ్లు విడదీశాడు. కరీబియన్ సముద్రంలో ఉండగా జ్వరం తగులుకుంది. బార్బడోస్ దీవి రాజధాని బ్రిడ్జ్‌టౌన్ రేవుకి ఓడ చేరేసరికి మనిషి లేడు. శవాన్ని ఇండియాకి పంపడం కుదరదని అక్కడే పూడ్చారు. ఆ రోజు రేవు ఏజెంటు కారు డిక్కీలో నేనున్నాను. కారు వంతెన దాటడం తెలిసింది. ఎక్కడో గంట మోగింది. ఆ తర్వాత పారతో మట్టి పోస్తున్న చప్పుడు. అతని తాలూకు వాళ్లలో ఆ చప్పుడు విన్నది నేనొక్కణ్ణే.

ఊరికి నేనొక్కణ్ణే తిరిగొచ్చాను. కబురొచ్చింది కాబట్టి దినం చెయ్యాలన్నారు పెద్దలు. గాజులూ బొట్టూ తియ్యడానికి ఆడవాళ్లు చుట్టూ చేరితే దమయంతి గోడకి ఆనుకుని చేతులు వెనక దాచుకుంది.

"సూడకుండా తియ్యను. ఆ ఊరెల్తాను. ఆ మట్టి నా కళ్లతోటి సూస్తాను. అక్కడే తీసేస్తాను."

బ్రిడ్జ్‌టౌన్ అంటే ఇచ్ఛాపురం పక్కనుందనుకుంటోందని వీధంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఏం చెయ్యను, తాళమున్నవాణ్ణే గానీ నోరున్నవాణ్ణి కాదు.

ఆ ఏడాదే ఆమె కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఇది వింత కాదు. వీధికి ఇద్దరు ముగ్గురు డయాలసిస్‌కి పోయేవాళ్లే. వారానికి రెండుసార్లు పలాస వెళ్లి మిషను మీద పడుకుని వచ్చేది. తక్కిన వేళంతా ప్రయాణం మాటే. లోకనాథం తమ్ముడు కేశవ ఒకప్పుడు ఓడల్లో చేసి మానేసినవాడు. విమానాల సంగతీ ఏజెంట్ల సంగతీ అతనికి తెలుసు. ఇద్దరూ అరుగు మీద నన్నే బల్లగా వేసుకుని, నా మీద ఫోను పెట్టుకుని ఆలోచించేవాళ్లు.

"వొదినా, బార్బడోసోళ్లు మనకి వీసా అక్కర్లేదంటన్నారు. దార్లో ఇమానం మారాల గదా, ఆ దేశపోళ్లే అడుగుతారు."

"మనం ఆళ్లింటికి ఎల్లట్లేదు గదా. వీధమ్మట నడిసిపోతే కూడా అడుగుతారేటి?"

"అడుగుతారు."

 ఆమె ఆ ఊళ్లో మిషను దొరుకుతుందా అని అడిగింది. దొరుకుతుంది, ఆసుపత్రికి రాశానన్నాడు. ఇక్కడ సోమవారం మిషను మీద నుంచి లేచి, అక్కడ గురువారం మళ్లీ మిషను ఎక్కాలి. ఆ సందులోనే భూగోళం అటు పక్కకి పోవాలి. అక్కడి నీళ్లు మంచివేనా అని అడిగింది. "నువ్వు రోజుకి తాగేది గళాసుడే గదా వొదినా" అని కేశవ నవ్వబోయి, నవ్వలేకపోయాడు.

ఫోనులో ఊరు చూపించేవాడు. వంతెన, దాని కింద పడవలు, రంగు రంగుల దుకాణాలు. రేవు దగ్గర నుంచి సమాధుల దొడ్డి దాకా ఆమె వేలితో నడిచి వెళ్లేది, మలుపు దగ్గర ఆగేది, మళ్లీ నడిచేది. పోను పోను పలాస బజారు కన్నా ఆ ఊరే ఆమెకి బాగా తెలిసిపోయింది.

ఇంతలో మూఢం వచ్చిపడింది. విమానం మారే దేశం వీసా కబురు ఇంకా రాలేదు. ఇలాంటప్పుడు ప్రస్థానం పెడతారు. మంచి ఘడియలో సామాను తీసుకెళ్లి వేరే ఇంట్లో ఉంచితే మనిషి బయల్దేరినట్టే లెక్క. ఆ తర్వాత మనిషి ఎప్పుడు కదిలినా దోషం లేదు. కాకపోతే ఆ సామాను వెనక్కి రాకూడదు, ప్రయాణమయ్యేదాకా మూత తియ్యకూడదు. విమానాలకి లేని ఈ తెలివి మా వాళ్లకుంది.

దమయంతి గది తలుపు వేసుకుని, ఎవరినీ రానివ్వకుండా తానే సర్దింది. కేశవ నన్ను నెత్తిన పెట్టుకుని ఎదురింటి ఊర్వశమ్మ గదిలో దించాడు. ఊర్వశమ్మ దమయంతికి వరసకి పిన్ని, పెద్ద నోరున్న మనిషి. ఆమె నాకు పసుపు రాసింది. ఇన్ని రేవులు తిరిగాను, అంత మర్యాద నాకు ఎక్కడా జరగలేదు.

మూఢం సగంలో ఉండగానే హైదరాబాదు నుంచి వీసా పిలుపొచ్చింది. ఊర్వశమ్మ ఇంట్లో కూచున్న దమయంతి దగ్గరికి కేశవ పరిగెత్తుకొచ్చాడు.

"వొదినా, అన్న సావు కాయితాలు, అసలియి, ఎక్కడెట్టినావు?"

"పెట్టిలో."

ముగ్గురూ నా వైపు చూశారు.

"తీసేద్దాం," అన్నాడు కేశవ.

"తియ్యకూడదు. మీ అన్న మూఢంలో ఎల్లినాడు. ఇలగే పట్టుకుని ఆపినాను, ఆగలేదు. ఏటయిందో సూసినావు గదా. జిరాక్సులున్నాయి, అయ్యి సూపిద్దాం."

"నా ఇంట్లో ఉంది గదే, నాను తీసిస్తాను. దోసం నాకు తగలనీ," అంది ఊర్వశమ్మ.

"నీకెందుకు తగలాల పిన్నీ?"

నా తాళం పిన్నీసుతో వచ్చేస్తుంది. మూత తీస్తే నేనెవర్నీ శపించను. ఆ మాట ఎలాగైనా చెప్పాలని ఎంత గింజుకున్నానో నాకే తెలుసు. వాళ్లు జిరాక్సులు పట్టుకుని రైలెక్కారు.

తిరిగొచ్చాక కేశవ గుమ్మంలో కూలబడి ఊర్వశమ్మతో చెప్పాడు. "అసలియి ఏవని అడిగినాడు పిన్నీ. బయల్దేరిపోనాయని వొదిన సెప్పింది. ఎక్కడికన్నాడు. ఎదురింటికంది. ఆపీసరు నవ్వనేనా నవ్వలేదు. అసలియి తీసుకుని మళ్లీ రమ్మన్నాడు."

మళ్లీ పిలుపు అంత తొందరగా ఎక్కడొస్తుంది? మూఢం ఇంకా వెళ్లలేదు. దమయంతి కాళ్లు వాచాయి. ఆయాసం పట్టుకుంది. రోజూ సాయంత్రం ఆమె ఊర్వశమ్మ ఇంటికొచ్చి, నా పక్కన చతికిలబడి, నా మూత మీద కాసేపు చెయ్యి వేసి వెళ్లిపోయేది. ఒక ఉదయం పలాసలో మిషను మీద పడుకున్నది మళ్లీ లేవలేదు.

శవాన్ని వాకిట్లో దించారు. నీళ్లు పోశాక ఆడవాళ్ల మధ్య గొడవ మొదలైంది. మొగుడు పోయినదానికి బొట్టు పెట్టకూడదని కొందరు, దినమే జరగలేదు కదా అని కొందరు. ఊర్వశమ్మ గొంతు వీధి దాటి నా దాకా వచ్చింది.

"ఆడు పోనాడని మీరెవరైనా సూసినారా? ఇది సూసిందా? బతికున్నన్నాళ్లూ నమ్మలేదిది. మీరెవరే నమ్మడానికి? బొట్టెట్టండి. పువ్వులెట్టండి. సేతినిండా గాజులెయ్యండి."

వేశారు. ముత్తయిదువుగానే సాగనంపారు. ఆ పూట ఊర్వశమ్మ ఏడుస్తూనే కాస్త కుదుటపడ్డట్టు కనిపించింది. ఆ పిల్లకి ఈ ఒక్కటైనా చేయగలిగానంది.

దినాలయ్యాక కేశవ కాగితాల కోసం వచ్చాడు. ఇంక ప్రయాణమే లేదు, తీసినా తప్పులేదని ఇద్దరూ అనుకున్నారు. పిన్నీసు పెట్టగానే నా తాళం ఊడింది. పైన కాగితాలు, వాటి కింద శాలువా, మందులు. అన్నిటికంటే ముందు సర్దినది అన్నిటికీ అడుగున ఉంది. మడత విప్పని తెల్లచీర. అందులో చుట్టి, పిడికిలంత గుండ్రటి రాయి.

"రాయెందుకు పిన్నీ?"

ఊర్వశమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. దమయంతి ఇంటి నూతి గట్టు రాయి అది, చూడగానే పోల్చుకుంది. మెల్లగా నేల మీద కూచుంది.

"గాజులు పగలగొట్టుకోడానికిరా. ఆ ఊళ్లో రాయి దొరుకుతాదో లేదో అని ఇక్కణ్ణించే ఎట్టుకుంది. నమ్మనేదని నాను నలుగురిలో అరిసినాను. అది ఎప్పుడో నమ్మింది. ఆడి దగ్గిర కూకుని తీసుకుందామనుకుంది, అంతే. సేతినిండా గాజులేయించి పంపినాను దాన్ని."

 కేశవ రాయిని ఆమె చేతిలో నుంచి తీసుకుని, చీరలో ఎలా ఉన్నదాన్ని అలాగే చుట్టి, నా అడుగున పెట్టాడు. నన్ను ఎత్తుకుని గుమ్మం దాకా వెళ్లాడు.

"ఆ ఇంటికి తీసుకుపోకు. బయల్దేరింది ఎనక్కెల్లకూడదు," అంది ఊర్వశమ్మ వెనక నుంచి.

అతను ఆగి, నన్ను మళ్లీ కింద పెట్టాడు.