అమ్మడు చేసిన డ్యూటీ చార్టు

బస్సు డిపోలో అతణ్ణి పేరు పెట్టి పిలిచినవాడు లేడు. డ్రైవర్లకీ కండక్టర్లకీ అతను చార్టు బాబాయి. రేపు ఏ బస్సు ఎవరు తోలాలి, ఎవరికి పొద్దుటి డ్యూటీ, ఎవరికి సెలవు అన్నది పెన్సిలుతో గీసి, రబ్బరుతో చెరిపి, మళ్ళీ గీసి, సాయంత్రానికి గోడకి అంటించడం అతని పని. చెప్పుకోవడానికి ఇంతే. చేసి చూస్తే తల ప్రాణం తోకకొస్తుంది. రాత్రి ఆఖరి బస్సు తోలినవాడికి తెల్లవారి మొదటి బస్సు వెయ్యకూడదు. ఒకరంటే ఒకరికి పడని ఇద్దర్ని ఒకే బస్సు ఎక్కించకూడదు. పెళ్ళాం నెలలు నిండి ఉన్నవాణ్ణి దూరం పంపకూడదు. ఇంత తలనొప్పి పని ఎలా చేస్తున్నావయ్యా అని ఇన్నేళ్ళలో ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. కట్టుకున్న భార్యే, “గీతలు గీసినందుకు కూడా జీతాలిస్తారా!” అనేది.

అడిగింది కూతురొక్కతే.

ఆ పిల్ల చదివే హైస్కూల్లో తొమ్మిదో తరగతి నుంచి పుస్తకాల చదువుతో పాటు ఏదో ఒక పని నేర్చుకోవాలి. కుట్టు, కరెంటు పని, కంప్యూటరు. తల్లి కుట్టు నేర్చుకోమంది. బాబాయి ససేమిరా అన్నాడు. “నాలాగా రబ్బరు పట్టుకుని బతకక్కర్లేదు. అమ్మడు కంప్యూటరే నేర్చుకుంటుంది” అని పంతం పట్టి మరీ చేర్పించాడు. ఏడాది చివర కంప్యూటరు టీచరమ్మ పిల్లలందరికీ ఒక పని పెట్టింది. ఇంట్లోవాళ్ళు రోజూ చేసే పని ఒకటి ఎంచుకుని, దాన్ని కంప్యూటరు చేత చేయించి చూపించాలి. ఒకడు వాళ్ళమ్మ పాల లెక్క ఎంచుకున్నాడు. అమ్మడు నాన్న చార్టు ఎంచుకుంది.

ఇంకేముంది, బాబాయికి కాళ్ళు నేల మీద ఆనలేదు. డిపో నుంచి రావడం, చొక్కా అయినా మార్చకుండా కూతురి పక్కన చతికిలబడడం. అది అడగడం, ఇతను చెప్పడం.

“ఇద్దరూ సెలవడిగితే ఎవరికిస్తావు నాన్నా?”

“పోయినసారి ఎవరికి ఇవ్వలేదో వాడికి.”

“ఇద్దరికీ ఇవ్వలేదనుకో?”

“అప్పుడు ఇంట్లో ఎవరికి ఎక్కువ కష్టముందో చూస్తాను.”

“కష్టం కంప్యూటరుకి ఎలా తెలుస్తుంది నాన్నా?”

“నువ్వున్నావు కదే, చెప్పు దానికి!” అని నవ్వేవాడు. ఆ పిల్ల నిజంగానే ఆలోచించి, కష్టానికి కూడా ఒక గడి పెట్టింది. శనివారాలు బడి వదిలాక టీచరమ్మ కంప్యూటరు గది తెరిచి ఉంచితే, తండ్రీకూతుళ్ళిద్దరూ ఒకే తెర ముందు కూర్చునేవాళ్ళు. చివరికి ఒకనాడు అమ్మడు మీట నొక్కితే చార్టు మొత్తం కళ్ళముందు పరుచుకుంది. బాబాయి జేబులోంచి తన కాగితం తీసి పక్కన పెట్టి చూశాడు. ఒక్కచోట తేడా వచ్చింది. తప్పు బాబాయిది. వేరేవాడైతే మొహం మాడ్చుకునేవాడు. ఇతను మర్నాడు డిపో అంతా తిరిగి, “నా తప్పు నా కూతురు పట్టేసింది!” అని టముకు వేశాడు. ఆ ఊపులోనే మేనేజరు గదిలోకి వెళ్ళి, “బళ్ళో ప్రదర్శన ఉంది సార్, తమరు తప్పకుండా రావాలి” అని పిలిచాడు. ఎంత అమాయకుడండీ!

మేనేజరు వచ్చాడు. అమ్మడు చూపిస్తుంటే మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూశాడు. భుజం తట్టాడు. “బంగారు తల్లివి. ఇది నాకొక కాపీ ఇస్తావా?” అన్నాడు.

అమ్మడు తండ్రి వైపు చూసింది.

“బాబాయిగారూ, ఒకసారి ఆలోచించుకోండి” అని టీచరమ్మ మెల్లగా అంది. ఆవిడ మొహం ఎందుకలా అయిందో అతనికి అర్థం కాలేదు. పిల్లలు చేసినవి బయటికివ్వడం బడివాళ్ళకి ఇష్టం ఉండదేమో అనుకున్నాడు.

“ఇచ్చెయ్యమ్మా. నీ పని పదిమందికీ పనికొస్తే అంతకంటే ఏం కావాలి?” అన్నాడు.

వేసవి సెలవులు గడవక ముందే మేనేజరు పిలిపించాడు. కూర్చోమన్నాడు. ఎప్పుడూ అలా కూర్చోమన్నవాడు కాదు. “నా చేతుల్లో ఏం లేదు బాబాయ్. చార్టు కంప్యూటరే వేస్తుంటే ఇంకా మనిషెందుకని పైవాళ్ళు అడుగుతున్నారు” అన్నాడు. బాబాయి ఏమని వాదిస్తాడు? కంప్యూటరు తప్పులు చేస్తుందనా? చెయ్యదని ఊరంతా చాటింది తనే కదా!

భార్యకి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “కొరివితో తల గోక్కున్నావు కదయ్యా” అని ఏడ్చింది.

“అమ్మడికి మాత్రం తెలియకూడదు” అన్నాడు బాబాయి.

కూతురికి నడుం నొప్పి అని చెప్పాడు. ఎక్కువసేపు కూర్చోలేక తనే మానేశానన్నాడు. ఇనప సామాన్ల కొట్లో మేకులు తూచే పనికి కుదిరాడు. పిచ్చిపిల్ల నమ్మింది. రోజూ అతను కొట్టు నుంచి రాగానే తైలం తెచ్చి, బోర్లా పడుకోమని, నడుముకి రాసేది. లేని నొప్పికి మూలుగుతూ, దిండులో మొహం పెట్టుకుని అతను ఏడ్చేవాడు. “ఇక్కడేనా నాన్నా?” అని ఆ పిల్ల ఇంకాస్త మెల్లగా రాసేది.

మళ్ళీ బడి తెరిచారు. అమ్మడు పదిలోకి వచ్చింది. ఒక ఆదివారం డిపో నుంచి మనిషొచ్చాడు. కొత్త దారిలో బస్సులు వేశారట, చార్టు బిగుసుకుపోయిందట, పాపని ఒకసారి పంపమన్నారట. వద్దనడానికి బాబాయికి సాకు దొరకలేదు. అమ్మడు అప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. ఒంటరిగా పంపలేక తనూ వెళ్ళాడు.

అతని బల్ల మీద కంప్యూటరు ఉంది. పెన్సిళ్ళు లేవు, రబ్బరు లేదు. అతని కుర్చీలోనే అమ్మడిని కూర్చోబెట్టారు. మేనేజరు మంచివాడే పాపం, మెచ్చుకుందామనే అన్నాడు. “మీ నాన్న రోజంతా చేసిన పని ఇది చిటికెలో చేసేస్తోందమ్మా. ఈ సీటుకి మనిషితోనే అవసరం లేకుండా పోయింది. అంతా నీ చలవే.”

అమ్మడి చేతులు ఆగిపోయాయి. తిరిగి తండ్రి మొహంలోకి చూసింది. “నడుం నొప్పన్నావు కదా?” అంది.

బాబాయి తల దించుకున్నాడు. “ముందు అది బాగుచెయ్యమ్మా. పొద్దున్నే జనం బస్సుల కోసం నిలబడతారు” అన్నాడు.

ఆ పిల్ల బాగుచేసింది. కన్నీళ్ళు చేతుల మీద పడుతున్నా తుడుచుకోకుండా, ఎక్కడా తప్పు లేకుండా చేసింది. చార్టు కాగితం బయటికి రాగానే ఎవరికీ చెప్పకుండా లేచి వెళ్ళిపోయింది. బాబాయి వెనకాల పరిగెత్తినట్టే నడిచాడు. డిపో గేటు దాటాక ఆగింది.

“నువ్వే ఇచ్చెయ్యమన్నావు. ఇలా అవుతుందని నీకు అప్పుడే తెలుసా నాన్నా?”

తెలియదు. కల్లో కూడా అనుకోలేదు. కానీ ఆ మాటంటే, తండ్రి అన్నం నా చేత్తో తీసేశానని ఈ పిల్ల బతికినన్నాళ్ళూ కుమిలిపోతుంది. అంతకంటే తప్పు తన మీద వేసుకోవడమే నయమనిపించింది.

“తెలుసమ్మా. తెలిసే ఇవ్వమన్నాను. ఇందులో నీ తప్పేం లేదు.”

ఆ పిల్ల తేలికపడుతుందనుకున్నాడు. దాని మొహం పాలిపోయింది.

“తెలిసీ నా చేత చేయించావా? నాతో ఒక్క మాటైనా అనకుండా?” అంది. “రోజూ తైలం రాయించుకున్నావు కదా నాన్నా!”

అతను చెయ్యి చాపాడు. ఆ పిల్ల వెనక్కి జరిగింది. పుట్టిన దగ్గర్నుంచీ అతని చెయ్యి ఎప్పుడూ తోసెయ్యని పిల్ల. ఇంకో మాట లేకుండా ఇంటివైపు నడవడం మొదలుపెట్టింది. టీచరమ్మతో చెప్పి రేపే కంప్యూటరు క్లాసులోంచి పేరు తీయించుకుంటానని వెళ్తూ వెళ్తూ అంది.

అబద్ధమే అమ్మా, నాకేం తెలియదే అని అరవాలని బాబాయికి గొంతుదాకా వచ్చింది. అరిస్తే ఆ బరువు మళ్ళీ దాని నెత్తినే పడుతుంది. నోరు నొక్కుకున్నాడు. కూతురు వెనక్కి తిరిగి చూస్తుందేమోనని చూస్తూ, ఇల్లు వచ్చేదాకా దాని వెనకాలే నడిచాడు. ఆ పిల్ల చూడలేదు.