పుట్టని సబ్రీ తల్లి

"పుస్తకాలు రాసేవాళ్ల చేతి కూసా తినాలంటే ముందు పళ్లు గట్టివి ఉండాలి," అన్నాడు మా ఆయన, రాత్రి మిగిలిన కాయను వేలితో నొక్కి చూస్తూ.

 నా ఒళ్లో ఇంకా ముప్పై కాయలున్నాయి, బెత్తెడు సొరపిందెల్లాంటివి. సన్నటి తొలిచే కత్తిని కాయలోకి దింపి, మెల్లగా తిప్పి, గుజ్జంతా బయటికి లాగాలి. తోలు చిట్లకూడదు. లోపల ఏమీ మిగలకూడదు. ఆ ఖాళీలోకి బియ్యం, మాంసం కూరి ఉడకబెడితే అది కూసా. పదిహేడేళ్లుగా ఈ ఇంట్లో ఈ పని చేస్తున్నాను. లోపలున్నది తీసేసి వాళ్లకు కావలసింది కూరడం ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదని ఆ పొద్దున ఎందుకో అనిపించింది. ఆ రోజు రామల్లాలో కమిటీ. ఏడున్నరకల్లా టాక్సీ ఎక్కాలి. ఆలోగా కూసా పొయ్యి మీద ఉండాలి, ముగ్గురు ఆడపిల్లలకు జడలు పడాలి, అత్తకు మందుబిళ్ల చేతిలో పెట్టాలి.

"ఉమ్ సబ్రీ, నా చొక్కా ఏదీ?" అన్నాడు మళ్లీ.

ఇక్కడొక మాట చెప్పాలి. మా ఊళ్లో తల్లిదండ్రుల్ని పెద్దకొడుకు పేరుతోనే పిలుస్తారు. గౌరవంగానే పిలుస్తారు, కాదనను. కొడుకు పుట్టేదాకా ఆగే ఓపిక కూడా ఉండదు. తాత పేరు ఎలాగూ మనవడికే కదా అని, పెళ్లయిన మర్నాడే మా ఆయన ఆయెద్ అబూ సబ్రీ అయిపోయాడు, నేను ఉమ్ సబ్రీని అయిపోయాను. సబ్రీ తండ్రి, సబ్రీ తల్లి. ఆ సబ్రీ ఇంతవరకూ పుట్టలేదు. రీమా పుట్టింది, సునా పుట్టింది, లమీస్ పుట్టింది. ఈ ముగ్గుర్నీ కన్న కడుపు నాదే, కానీ వాళ్ల పేరున నన్ను పిలిచినవాళ్లు లేరు. లేని కొడుకు పేరు మోసుకుంటూ ఉన్న కూతుళ్లను పెంచాను. బళ్లో పిల్లలకు నేను టీచర్ని, ఊరికి ఉమ్ సబ్రీని. నా పెళ్లి పిలుపుకార్డులో నా పేరున్న చోట "వారి కుమార్తె" అని వేశారు. వరుడి పేరు మాత్రం ఆలివ్ కాయంత అక్షరాల్లో ఉంది.

కమిటీ అంటే ఒకటో తరగతి వాచకం రాసే కమిటీ. మాకంటూ పుస్తకం ఎప్పుడుంది గనక? మా నాబ్లుస్ కొండల్లో అమ్మాన్ పుస్తకం, గాజాలో కైరో పుస్తకం. అందులోనూ మమ్మల్ని ఆక్రమించిన సైన్యానికి నచ్చని పేజీలు చింపేసి ఇచ్చేవాళ్లు. నా చిన్నప్పటి భూగోళం పుస్తకంలో నలభయ్యో పేజీ తరవాత నలభై మూడో పేజీ. ఆ మధ్యలో ఏముందని మాస్టార్ని అడిగితే, "మీ ఊరుంది, కూచో," అన్నాడు. అలాంటిది ఇప్పుడు, 1999లో, మొదటిసారి మా పిల్లలకు మా పుస్తకం. ఆరేళ్ల పిల్ల మొట్టమొదట కూడబలుక్కుని చదివే వాక్యం మేం రాయాలి. కమిటీలో నలుగురు మగవాళ్లు, ఇద్దరు మాస్టార్లు, ఇద్దరు బడుల ఇన్‌స్పెక్టర్లు; ఐదోదాన్ని నేను.

నన్నెందుకు వేశారంటే, ఎనభై ఎనిమిదిలో సైన్యం బళ్లన్నీ మూసేసినప్పుడు మా అత్త సామాన్ల కొట్టుగదిలో ఇరవైమంది పిల్లల్ని కూచోబెట్టి చదువు చెప్పాను. అప్పుడు ఇంట్లో పాఠం చెప్పినా నేరమే. మా అత్త గుమ్మంలో చేటలో పప్పు చెరుగుతూ కాపలా కూచునేది. జీపు శబ్దం వినపడితే చేట మీద రెండుసార్లు కొట్టేది. మేం పలకలు గోధుమల గుమ్మిలోకి దించేసేవాళ్లం. ఒకసారి సైనికులు లోపలికొచ్చి ఇంతమంది పిల్లలేమిటంటే, "రొట్టెలకొచ్చారు. తిండికి కూడా నీ అనుమతి కావాలా?" అంది. ఆమెకు అక్షరం ముక్క రాదు.

నేను రాసింది ఏడో పాఠం. ఆరో పాఠం రస్మీ మాస్టారిది. "మా నాన్న పేరు సాలిమ్. మా నాన్న పత్రిక చదువుతాడు." దానికి అందరూ బాగుందన్నారు. నా పాఠం ఇది: "మా అమ్మ పేరు జహ్రా. మా అమ్మ ఆలివ్ కాయలు కోస్తుంది. మా అమ్మ నాకు అక్షరాలు నేర్పుతుంది."

ఆ రోజు కమిటీలో అది చదివాను. రస్మీ మాస్టారు నవ్వాడు. పక్క ఊరివాడే, ఇరవై ఏళ్లుగా మగపిల్లల బళ్లో పనిచేస్తున్నాడు, చెడ్డవాడేం కాదు.

"ఉమ్ సబ్రీ, మీరు ఆడపిల్లల బళ్లోంచి వచ్చారు గనక మీకు తెలీదు. మగపిల్లాడు క్లాసులో లేచి నిలబడి 'మా అమ్మ పేరు ఫలానా' అని చదివాడనుకోండి, విరామంలో తలలు పగులుతాయి. వాడు పెద్దయి పెళ్లి చేసుకున్నా ఆ పేరు పెట్టి ఏడిపిస్తారు. ఇదిగో చూడండి." కుడి పిడికిలి బల్ల మీద పెట్టాడు. వేలి కణుపు మీద తెల్లటి మచ్చ. "ఐదో క్లాసులో ఒకడు మా అమ్మ పేరు గోడ మీద రాశాడు. ఇది వాడి పన్ను."

అందరూ నవ్వారు. ఇన్‌స్పెక్టర్లిద్దరూ మరీ ఎక్కువ నవ్వారు.

"తండ్రి పేరు గోడ మీద రాస్తే?" అన్నాను.

"తండ్రి పేరు దాచుకునేది కాదుగా!"

"మరి తల్లి పేరు ఏం తప్పు చేసిందని దాచాలి?"

"తప్పు కాదమ్మా, మర్యాద," అన్నాడు ఒక ఇన్‌స్పెక్టరు. "తల్లి అంటే బంగారం. బంగారం వీధిలో పెడతామా?"

కమిటీ పెద్ద ఫయ్యాద్ మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. డెబ్భై దాటిన మనిషి, గొడవలంటే పడదు. "వచ్చే శనివారానికి మార్చి తీసుకురా తల్లీ. అమ్మ రొట్టెలు కాలుస్తుంది, అను. అందరికీ సరిపోతుంది. ఈలోగా కాస్త కాఫీ..."

కాఫీ నేనే పెట్టాను. మొదటి సమావేశం నుంచీ నేనే పెడుతున్నాను. ఎవరూ పెట్టమని చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు.

ఊరికే రాయలేదు నేను ఆ పాఠం. మాది ఆడపిల్లల బడే అయినా చిన్న తరగతుల్లో మగపిల్లలూ ఉంటారు; నా ఒకటో తరగతిలో ముప్పై ఒక్కమంది, ఆడా మగా కలిసి. మీ అమ్మ పేరేమిటని అడిగాను. పదకొండుమందికి తెలీదు. ఒకడు "మా అమ్మ పేరు అమ్మే టీచర్" అన్నాడు. ఇంకొకడు దగ్గరికొచ్చి, చుట్టూ చూసి, నా చెవిలో చెప్పాడు, దొంగసొమ్ము అప్పగించినట్టు. ఆ పిల్లాడి వేడి ఊపిరి ఇంకా నా చెవిలోనే ఉంది. చెప్పేటప్పుడు సిగ్గుపడ్డాడు. ఆరేళ్లకే తల్లిని చూసి సిగ్గుపడటం నేర్చుకున్న పిల్లాడికి నేను ఏ దేశం గురించి పాఠం చెప్పను?

సంగతి నాకన్నా ముందే ఊరు చేరింది. సాయంత్రం మా ఆయన చావడి నుంచి ముఖం మాడ్చుకుని వచ్చాడు.

"పుస్తకంలోకి ఆడవాళ్ల పేర్లు ఎక్కిస్తున్నావంట. చావడిలో నన్నడుగుతున్నారు, మీ ఇంట్లోంచే మొదలెడతారా అబూ సబ్రీ అని. నా తల ఎక్కడ పెట్టుకోను?"

"ఉన్నచోటే పెట్టుకో. బాగానే ఉంది," అన్నాను.

"నీకు వేళాకోళంగా ఉంది. వాళ్లు ఆ మాట మార్చమన్నారా లేదా? మార్చి పారెయ్. ఒక్క పేరు కోసం ఇంట్లో గొడవెందుకు?"

ఒక్క పేరు. అంతే కదా అని నాకూ అనిపించింది, అబద్ధమెందుకు. ఆ రాత్రే కాగితం తీసి పేరు కొట్టేశాను. "మా అమ్మ రొట్టెలు కాలుస్తుంది." చదువుకుంటే ఎక్కడా అడ్డు తగల్లేదు. అంత నున్నగా ఉంది. గుజ్జు తీసేసిన కాయలాగా.

శుక్రవారం పొద్దున రొట్టెల పొయ్యి దగ్గర అత్త పిండి ముద్దలు చేస్తోంది. పొగలోంచి అడిగింది.

"ఏమే, నీ పుస్తకంలో తల్లికి పేరు పెట్టావంటగా? ఏం పేరు?"

"జహ్రా. తీసేశాను అత్తా."

"ఎందుకు తీశావ్? మంచి పేరేగా." ముద్దను అరచేతిలో చదును చేసింది. "నా పేరు తెలుసా నీకు?"

తెలుసు. పెళ్లి కాగితాల్లో చూశాను. పదిహేడేళ్లలో ఒక్కసారి పలకలేదు.

"ఖద్రా," అన్నాను. నా నోటికే కొత్తగా ఉంది.

"ఆఁ. మీ మామ నలభై ఏళ్ల కాపురంలో ఒక్కసారి అనలేదు. ఇంట్లో 'ఏమే', నలుగురిలో 'మా ఇంటివాళ్లు'. కొడుకు పుట్టాక ఉమ్ ఆయెద్. ఇప్పుడు నన్ను పేరు పెట్టి పిలిచేది ఎవరో తెలుసా? చెక్‌పోస్టు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడే కుర్రాడు. మొన్న ఆస్పత్రికి పోతుంటే గుర్తింపు కార్డు చూసి, 'ఖద్రా! ఇటు రా!' అని అరిచాడు. నాకు కోపం రావాలా? రాలేదే. ముందు సంతోషమేసింది, ఎవరో నన్నే పిలిచారని. తరవాత వాడెవడో చూసి ఏడుపొచ్చింది."

రొట్టెను పొయ్యిలో వేడిరాళ్ల మీద పరిచి మూత పెట్టింది.  నేను ఇంట్లోకి వెళ్లి, కొట్టేసిన కాగితం పక్కన పెట్టి, కొత్త కాగితం తీశాను.

శనివారం టాక్సీలో ఏడుగురం. రస్మీ మాస్టారు నా ముందు సీట్లో. దారిలో జీపు అడ్డంగా పెట్టి కార్డులు తీసుకున్నారు. సైనికుడికి మీసం కూడా సరిగా రాలేదు. రస్మీ మాస్టారి కార్డు అటూ ఇటూ తిప్పాడు. కార్డు ఆయనదేనో కాదో తేల్చుకోవాలనుకున్నాడు కాబోలు, వచ్చీరాని అరబ్బీలో, "నీ తల్లి పేరు?" అన్నాడు.

మాస్టారు గొణిగాడు.

"గట్టిగా!"

"నజ్మియ్యా."

సైనికుడు ఆ పేరును ఒకసారి విరగ్గొట్టి పలికి, కార్డు ఆయన ఒళ్లోకి విసిరి, తరవాతి కార్డు తీశాడు. అది నాది. "ఇన్సాఫ్!" చెయ్యెత్తాను. టాక్సీలో అందరూ కిటికీల్లోంచి బయటికి చూస్తున్నారు.  రస్మీ మాస్టారి పిడికిలి మోకాలి మీద బిగిసి ఉంది. మచ్చ తెల్లగా కనపడుతోంది. ఈసారి కొట్టడానికి ఎవరి పన్నూ దొరకలేదు.

కమిటీలో ఫయ్యాద్ మాస్టారు నా కాగితం అందుకుని చదివాడు. "మా అమ్మ పేరు జహ్రా... తల్లీ, మార్చలేదే?"

"మార్చి చూశాను మాస్టారూ. నచ్చలేదు."

ఇన్‌స్పెక్టరు నిట్టూర్చాడు. "మళ్లీ మొదటికొచ్చాం."

"ఒక్క సాయం చెయ్యండి," అన్నాను. "మీ గుర్తింపు కార్డులు బల్ల మీద పెట్టండి."

రస్మీ మాస్టారు చటుక్కున నా వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలుకోవడం ఉంది. టాక్సీ సంగతి నేను చెప్పలేదు. అది ఆయన గాయం, నా వాదన కాదు.

మిగతావాళ్లు చాదస్తమనుకుంటూనే కార్డులు తీశారు. చొక్కా జేబుల్లోంచి, గుండె మీదనుంచి.

"తాత పేరు కింద గడి చూడండి. మీ అమ్మ పేరుంది. పొద్దున లేస్తే ఆ పేరు జేబులో పెట్టుకునే తిరుగుతారు. చెక్‌పోస్టు దగ్గర అడిగినవాడికల్లా చూపిస్తారు. తుపాకీ ఉన్నవాడు మీ అమ్మను పేరు పెట్టి పిలవచ్చు, వాడికి ఆ హక్కు మీరే ఇచ్చారు. ఆమె కన్నబిడ్డ మాత్రం పిలవకూడదు. ఇదేం మర్యాద? మన పేజీలు వాళ్లు చింపితే ముప్పై ఏళ్లు తిట్టుకున్నాం. ఇప్పుడు కత్తెర మన చేతికొచ్చింది. మొదట కత్తిరించేది మన తల్లినా?"

ఫయ్యాద్ మాస్టారు కార్డును కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.  "సబీహా," అన్నాడు చివరికి, మాకు కాదు, ఎవరికో. "చనిపోయి ముప్పై ఏళ్లయింది. సమాధి మీద కూడా ఉమ్ ఫయ్యాద్ అనే రాయించాను."

చేతులెత్తమన్నాడు. ఇన్‌స్పెక్టర్లిద్దరూ వద్దన్నారు. నేను, ఆయన ఉండాలన్నాం. రస్మీ మాస్టారు ఏ వైపూ చెయ్యెత్తలేదు. సమానమైతే కమిటీ పెద్ద మాటే చెల్లుతుంది. ఏడో పాఠం ఉండిపోయింది. ఇన్‌స్పెక్టర్లు తమ అభ్యంతరం రాసి సంతకం చేశారు. పైన ఎవరైనా తీసేస్తారేమో నాకు తెలీదు. తీస్తే మళ్లీ వెళ్తాను.

కాఫీ వేళయింది. అలవాటుగా నలుగురూ నా వైపు చూశారు. నేను పెన్సిల్ చెక్కుకుంటూ కూచున్నాను. కాసేపాగి రస్మీ మాస్టారే లేచి వెళ్లాడు. పొయ్యంతా పొంగించేశాడు.

నేను ఇల్లు చేరేసరికి భోజనాల వేళ దాటింది. మా ఆయన, చావడి నుంచి ఆయనతో వచ్చిన ఇద్దరు వరసకు తమ్ముళ్లు, కూసా పళ్లెం చుట్టూ కూచుని ఉన్నారు. కబురు అప్పటికే వచ్చేసినట్టుంది, ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. నేను కాళ్లూ చేతులూ కడుక్కుని, రీమా పక్కన చాప మీద చోటు చేసుకుని కూచుని, ఒక కాయ తీసుకున్నాను. పొద్దున్నించి అదే మొదటి ముద్ద.

"ఉమ్ సబ్రీ, పెరుగు తీసుకురా," అన్నాడు మా ఆయన.

నేను నములుతున్నాను.

"ఉమ్ సబ్రీ! నిన్నే."

"సబ్రీ ఇంకా పుట్టలేదు కదా," అన్నాను. "వాడు పుట్టాక వాళ్లమ్మను పిలు, తెచ్చి పెడుతుంది. నా పేరు ఇన్సాఫ్."

తమ్ముళ్ల చేతులు పళ్లెంలో ఆగిపోయాయి. లమీస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మూల నుంచి మా అత్త, "ఆ పేరు అనరా, నోరేం కాలదు," అంది కొడుకుతో.

పెరుగు వంటింట్లోనే ఉంది. నేను ఇంకో కాయ తీసుకున్నాను.